హక్కులు ఇంటర్వ్యూ గది గుమ్మం దగ్గరే ఆగిపోవాలా?

మన ప్రభుత్వ భాషలో ‘కారుణ్యం’ అన్న మాటకీ ఉద్యోగానికీ ఒకే ఒక్కచోట సంబంధం ఉంది. ఉద్యోగంలో ఉండగా మనిషి చనిపోతే ఆ ఇంట్లో ఒకరికి ఇచ్చేది కారుణ్య నియామకం. మనిషి పోయాక చూపించే ఈ కారుణ్యంలో కొంతైనా, బయోడేటా పట్టుకుని వరండాలో గంటల తరబడి కూర్చున్న బతికున్న మనిషికి ఎందుకు దక్కదు? ఆ కూర్చున్నది స్త్రీ అయితే మరీ ఎందుకు దక్కదు?

ఉద్యోగం చేస్తున్న స్త్రీల గురించి మనం చాలా మాట్లాడాం. సమాన వేతనం, ప్రసూతి సెలవు, లైంగిక వేధింపులు - వీటన్నిటి మీదా పోరాడి చట్టాలు తెచ్చుకున్నాం. ఉద్యోగం ఇంకా రాని స్త్రీ గురించి మాత్రం తక్కువ మాట్లాడాం. ఆమెకి యూనియన్ లేదు. హాజరు పట్టీలో పేరు లేదు. ఎదురు మాట్లాడితే ఉద్యోగం రాదన్న భయం మాత్రం ఉంది. అధికారమంతా బల్లకి ఒక పక్కనే ఉండే సందర్భం ఇది.

ఇబ్రహీంపట్నం ప్రాంతంలో పనిచేసే కార్యకర్తలు ఈ విషయం ఇప్పుడే పట్టించుకోవాల్సిన అవసరం ఉంది. వ్యవసాయం మీద బతికిన ఈ పల్లెల మధ్య ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. ఆదిభట్లలో విమానాల విడిభాగాల ఫ్యాక్టరీలు, సాఫ్ట్‌వేర్ క్యాంపస్ వచ్చాయి. కొంగరకలాన్‌లో జిల్లా కలెక్టరేట్ వచ్చింది. అక్కడే 2023 మే నెలలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. భూములు చేజారిన ఇళ్ళ ఆడపిల్లలూ, కోడళ్ళూ ఇవాళ ఈ గేట్ల ముందు దరఖాస్తుదార్లు.

ఇదే ఫాక్స్‌కాన్‌కి తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. అక్కడ పెళ్ళయిన స్త్రీలని పనిలోకి తీసుకోకుండా తిప్పి పంపుతున్నారని 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. ఇంటి బాధ్యతలు, గర్భం, సెలవులు ఇందుకు కారణాలుగా చెప్పారని రాసింది. మెట్టెలు, మంగళసూత్రాల ప్రస్తావన కూడా వచ్చింది. కంపెనీ ఈ ఆరోపణని ఒప్పుకోలేదు. కేంద్ర కార్మికశాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. ఉద్యోగ ప్రకటనల్లో పెళ్ళి, వయసు, ఆడా మగా ప్రస్తావనలు తీసెయ్యమని కంపెనీ తన ఏజెంట్లకి చెప్పినట్టు ఆ ఏడాది నవంబరులో అదే వార్తాసంస్థ రాసింది. కొంగరకలాన్‌లో కూడా అలాగే జరుగుతోందని ఇక్కడ చెప్పటం లేదు. జరగకుండా చూసుకునే బాధ్యత మనదని చెబుతున్నాం.

దీనికి పూర్తి వ్యతిరేకమైన షరతు అంగన్‌వాడీ ఉద్యోగాల్లో ఉంది. పెళ్ళయిన స్త్రీలే దరఖాస్తు చెయ్యాలన్న నిబంధన రాజస్థాన్‌లో ఉంటే, అది రాజ్యాంగ విరుద్ధమని 2023లో అక్కడి హైకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ నోటిఫికేషన్లు కూడా వివాహితలనే అడుగుతూ వచ్చాయి. అంటే ఒకచోట కాలికి మెట్టెలుంటే పని లేదు, ఇంకోచోట లేకపోతే పని లేదు. రెండుచోట్లా చూస్తున్నది మన చేతుల్లోని పనితనాన్ని కాదు.

1989లో నీరా మాథుర్ అనే స్త్రీకి జీవిత బీమా సంస్థలో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు నింపమన్న ఫారంలో నెలసరి సక్రమంగా వస్తుందా, చివరిసారి ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావం అయిందా అన్న ప్రశ్నలున్నాయి. ఆమె ప్రసూతి సెలవులో ఉండగా, తప్పుడు వివరాలిచ్చిందని పనిలోంచి తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెని తిరిగి తీసుకోమని చెప్పింది. ఆ ప్రశ్నలు స్త్రీలని అవమానించేవని, వాటిని ఫారంలోంచి తొలగించమని ఆదేశించింది. ముప్ఫై ఏళ్ళు గడిచాక, 2021 డిసెంబరు చివర్లో, మూడు నెలలు దాటిన గర్భవతులు ఉద్యోగంలో చేరడానికి తాత్కాలికంగా అనర్హులని స్టేట్ బ్యాంక్ సర్క్యులర్ తెచ్చింది. గొడవ జరిగాక 2022 జనవరిలో వెనక్కి తీసుకుంది.

రాతలో ఉన్నది కాబట్టి వీటి మీద పోట్లాడగలిగాం. నోటితో అడిగే ప్రశ్నల సంగతేమిటి? ‘పిల్లల్ని ఎవరు చూసుకుంటారమ్మా? రాత్రి షిఫ్ట్‌కి మీ ఆయన ఒప్పుకుంటాడా? ఇంకో కాన్పు ఆలోచన ఉందా?’ మగవాళ్ళని ఈ ప్రశ్నలు ఎవరడుగుతారు? ‘మీ మంచికోసమే అడుగుతున్నాం’ అంటారు. ఈ దయ మనకి అక్కర్లేదు. స్త్రీ తరపున తామే నిర్ణయించేసి తలుపు మూసెయ్యటాన్ని కరుణ అనలేం. పనివేళలు ఇవీ, జీతం ఇంత, రాత్రిపూట బండి ఉందో లేదో, పిల్లల్ని ఉంచే చోటు ఉందో లేదో ముందే చెప్పి, నిర్ణయం ఆమెకి వదిలిపెట్టటం కరుణ.

ఎదురుచూపుల సంగతీ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి స్త్రీలకి ఆర్టీసీ బస్సు ఉచితం. కానీ ఇంటర్వ్యూ కోసం పోగొట్టుకున్న రోజుకూలీ ఎవరిస్తారు? పొద్దున తొమ్మిదింటికి రమ్మని సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ‘ఫోన్ చేస్తాం’ అని పంపేస్తారు. ఆ ఫోన్ రాదు. ఇంకోచోట ప్రయత్నించాలో వద్దో తెలియక నెలలు గడిచిపోతాయి. ‘ఎంపిక కాలేదు’ అన్న ఒక్క ముక్క చెప్పటానికి ఏ సంస్థకైనా ఖర్చెంత?

చట్టం మనవైపు లేకపోలేదు. ఉద్యోగాల్లోకి తీసుకునేటప్పుడు స్త్రీలపట్ల వివక్ష చూపకూడదని 1976 సమాన వేతన చట్టం అయిదో సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. 2013 లైంగిక వేధింపుల చట్టం ప్రకారం ఫిర్యాదు చేసే స్త్రీ ఆ సంస్థలో ఉద్యోగి అయి ఉండక్కర్లేదు. ఉద్యోగం ఆశచూపి వేధిస్తే దరఖాస్తుదారు కూడా మూడు నెలల్లోగా ఫిర్యాదు చెయ్యొచ్చు. పదిమందికంటే తక్కువమంది పనిచేసే చోటైనా, యజమాని మీదే ఫిర్యాదైనా జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళాలి. ఈ సంగతి మన సంఘాల సమావేశాల్లో ఎంతమందికి చెబుతున్నాం?

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. దరఖాస్తు ఫారంలోనూ ఇంటర్వ్యూలోనూ పెళ్ళి, గర్భం, పిల్లల ప్రశ్నలు ఉండకూడదు. పనివేళలు, జీతం ముందే రాతలో ఇవ్వాలి. పిలిచిన వేళకి చూడాలి, ఫలితం ఫలానా తేదీలోగా చెప్పాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదు. మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టర్లకీ ఇవన్నీ వర్తించాలి.

ఇవి కంపెనీలని అడిగే ముందు స్వచ్ఛంద సంస్థలు తమ నోటీసు బోర్డుల మీద రాసిపెట్టాలి. ఫీల్డు కార్యకర్త పోస్టుకి చంటిబిడ్డతో వచ్చిన స్త్రీని మన ఆఫీసుల్లో ఎలా కూర్చోబెడతామో, ఏం అడుగుతామో, ఏమని చెప్పి పంపుతామో, ఫ్యాక్టరీ గేటు దగ్గర మన మాటకి ఉండే విలువ దాన్ని బట్టే ఉంటుంది.