సంతకం ఒకరిది... బతుకు మనది

2025 సెప్టెంబర్ 20, శనివారం. జాన్సన్‌విల్‌లో మేము పనిచేస్తున్న సైటులో పొద్దున్నే కాంక్రీటు పోత. పదింటికి స్మోకో (ఇక్కడ టీ విరామాన్ని అలాగే అంటారు) కోసం కూర్చున్నామో లేదో, ఫోన్లు మోగడం మొదలైంది. హెచ్-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుము పెడుతూ అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేశారని వార్త. మాలో ఒకరి తమ్ముడు డల్లాస్‌లో ఉన్నాడు. ఇంకొకరి బావమరిది అమెరికా నుంచి పెళ్లికని హైదరాబాద్ వచ్చి ఉన్నాడు. మళ్లీ వెళ్లగలడా? వెళ్తే ఆ లక్ష ఎవరు కట్టాలి? ఎవరికీ తెలియదు. చేతిలో టీ చల్లారిపోయింది.

మర్నాటికి సంగతి కొంచెం తేటపడింది. రుసుము కొత్త దరఖాస్తులకేనని, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదని, ఉత్తర్వు గడువు 12 నెలలని అక్కడి ప్రభుత్వం చెప్పింది. తర్వాత కోర్టుల్లో కేసులూ పడ్డాయి. కానీ ఆ ఒక్కరోజులో పడాల్సిన భయమంతా మనవాళ్లు పడేశారు. సెలవు మధ్యలో ఆపేసి విమానాశ్రయానికి పరిగెత్తినవాళ్లున్నారు.

అప్పుడే మా సైటులో నిజామాబాద్ కుర్రాడొకడు అడిగాడు: "అన్నా, ఒక్క సంతకంతోని గింత అయితదా? రేపు ఇక్కడి ప్రధాని గూడ గట్లనే చేస్తే మన గతేంది?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం. పరాయి దేశంలో పనిచేసే మనకు రాజకీయాలెందుకులే అని చాలామంది అంటారు. వీసా కాగితం మీద ఉండే ప్రతి అక్షరమూ రాజకీయమే కదా!

అధ్యక్షుడు వేరు, రాష్ట్రపతి వేరు

ఇంగ్లిషులో రెండింటికీ ఒకటే మాట. తెలుగులో మాత్రం మనం మొదట్నుంచీ విడదీసే రాస్తున్నాం: అమెరికాలో అధ్యక్షుడు, మన దగ్గర రాష్ట్రపతి. ఆ తేడా ఊరికే రాలేదు. 1977లో పోటీ లేకుండా ఎన్నికైన మన నీలం సంజీవరెడ్డి గారైనా, అంతకుముందు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారైనా దేశానికి ప్రథమ పౌరులే కానీ, పాలన నడిపింది మంత్రివర్గాలే. మంత్రివర్గం సలహాకు రాష్ట్రపతి కట్టుబడాల్సిందేనని 1976లో 42వ సవరణ తేల్చి చెప్పింది. ఒకసారి పునరాలోచించమని వెనక్కి పంపే వీలు 1978 నాటి 44వ సవరణ ఇచ్చింది. అంతే.

అమెరికా అధ్యక్షుడు అలా కాదు. దేశాధినేతా ఆయనే, ప్రభుత్వాధినేతా ఆయనే, సైన్యానికి సర్వాధికారీ ఆయనే. మంత్రులు ఆయన నియమించినవాళ్లు, ఆయన వద్దంటే వెళ్లిపోవాల్సినవాళ్లు. చట్టసభ పంపిన బిల్లును వీటో చేయగలడు. సమాఖ్య నేరాల్లో శిక్ష పడినవాణ్ని క్షమించగలడు. నాలుగేళ్ల పదవి. 1951లో వచ్చిన 22వ సవరణ ప్రకారం ఎవరైనా రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదు.

అలాగని రాజా అంటే, కాదు. ఖజానా తాళం ఆయన దగ్గర లేదు, కాంగ్రెస్ దగ్గర ఉంది. వీటో చేసిన బిల్లును రెండు సభలూ మూడింట రెండొంతుల ఓట్లతో మళ్లీ చట్టం చేయగలవు. ఒప్పందాలకు సెనేట్‌లో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. మంత్రులకూ, సుప్రీంకోర్టు జడ్జీలకూ సెనేట్ ఆమోదం కావాలి. 1952లో కొరియా యుద్ధం జరుగుతుండగా, సమ్మె వస్తే ఉక్కు ఆగిపోతుందని అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు మిల్లులను ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నారు. ఆ అధికారం మీకు లేదని సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో చెప్పేసింది. మిల్లులు తిరిగి ఇచ్చేశారు.

ఆపడం తేలిక, మొదలుపెట్టడం కష్టం

సైటు మీద సూపర్‌వైజరుగా మేము "ఆపండి" అంటే పని ఆ క్షణమే ఆగుతుంది. ఎవర్నీ అడగనక్కర్లేదు. కానీ కొత్త పని మొదలుపెట్టాలంటే మా మాట ఒక్కటే చాలదు. ఇంజినీరు డ్రాయింగు కావాలి, కౌన్సిల్ అనుమతి కావాలి, ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాలి. అమెరికా అధ్యక్షుడి పరిస్థితీ వలసల విషయంలో సరిగ్గా ఇంతే.

విదేశీయుల రాకను ఆపే అధికారం అధ్యక్షుడికి 1952 నాటి వలస చట్టంలో కాంగ్రెసే ఇచ్చింది. 2025లో వాడుకున్నది దాన్నే. కానీ తలుపు తెరవాలంటే? ఏటా 65,000 హెచ్-1బిలు, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్లకు మరో 20,000: ఈ లెక్క పెట్టింది కాంగ్రెస్. ఉద్యోగ గ్రీన్‌కార్డులు ఏడాదికి దాదాపు 1,40,000, అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదు: ఇదీ కాంగ్రెస్ చేసిన చట్టమే. మన తెలుగు కుటుంబాలు ఏళ్ల తరబడి వరుసలో నిలబడటానికి కారణం ఈ 7 శాతం. ఏ అధ్యక్షుడొచ్చినా ఒక్క సంతకంతో ఆ వరుసను చెరపలేడు. 435 మంది ప్రతినిధుల సభ, 100 మంది సెనేట్ కలిసిరావాలి.

కలిసొచ్చిన రోజూ ఒకటుంది. 1924 చట్టం భారతీయులకు దాదాపు తలుపు మూసేసింది. 1946లో కాస్త తెరిచి ఏడాదికి సుమారు 100 మందిని రానిచ్చారు. 1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర కూర్చుని కొత్త వలస చట్టం మీద సంతకం చేశాక గానీ మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్దసంఖ్యలో అమెరికా వెళ్లడం సాధ్యపడలేదు. ఆ సంతకం వెనక వందలమంది ఓట్లున్నాయి. అందుకే అరవై ఏళ్లు దాటినా దాని పునాది నిలబడి ఉంది.

ఆ జాన్సన్ మరుసటి ఏడాది, 1966 అక్టోబర్‌లో మా వెల్లింగ్టన్‌కు వచ్చారు. పదవిలో ఉండగా న్యూజిలాండ్‌లో అడుగుపెట్టిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే. మా జాన్సన్‌విల్ పేరులోని జాన్సన్ మాత్రం వేరు. ఈయన 1840ల్లో వచ్చి, ఇక్కడి అడవి కొట్టి కలప మిల్లు పెట్టిన వలసదారు. అంటే ఈ ఊరి పేరు కూడా పొట్టచేత పట్టుకుని వచ్చినవాడిదే!

నడిపే తీరును బట్టే ఫలితం

అధికారాలు అందరు అధ్యక్షులకూ ఒకటే. వాడే తీరు వేరు. జాన్సన్ సెనేట్‌లో పెరిగిన మనిషి, 1955 నుంచి 1961 దాకా అక్కడ మెజారిటీ నాయకుడు. ఏ సభ్యుడికి ఏం కావాలో, ఎవర్ని ఎలా బతిమాలాలో, ఎవర్ని ఎలా ఒత్తాలో తెలుసు. ఫోను పట్టుకుని ఒక్కొక్కరినీ ఒప్పించేవారు. రీగన్ టీవీ ముందు మాట్లాడి జనాన్ని తనవైపు తిప్పుకునే రకం. అయినా కాంగ్రెస్‌తో కలిసి 1986లో చట్టం తెచ్చారు. దాంతో కాగితాల్లేని దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధత దొరికింది.

ఒబామా కాలానికి కాంగ్రెస్ కదల్లేదు. అందుకని చిన్నప్పుడే వచ్చిన పిల్లలకు 2012లో ప్రభుత్వ ఆదేశంతోనే రక్షణ ఇచ్చారు. హెచ్-4 మీద ఉన్న భార్యాభర్తలకు పని అనుమతి 2015లో ఒక నిబంధనతో వచ్చింది. రెండూ మంచి పనులే. కానీ ఆదేశంతో వచ్చింది ఆదేశంతోనే పోయే ప్రమాదముంది. పిల్లల రక్షణను ట్రంప్ 2017లో రద్దు చేయబోతే 2020లో సుప్రీంకోర్టు అడ్డుపడింది, అదీ రద్దు చేసిన పద్ధతి బాగాలేదని. ట్రంప్ తీరు ముందు సంతకం, తర్వాత కోర్టు. జనానికి వేగం కనిపిస్తుంది, వలస కూలికి నిద్ర పట్టదు.

మన పి.వి. నరసింహారావు గారిని గుర్తుచేసుకోండి. 1991లో సభలో మెజారిటీ కూడా లేదు. గొంతు పెంచే మనిషి కాదు. ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్‌కు అండగా నిలబడి దేశం దారే మార్చారు. గట్టిగా అరిచేవాడే గట్టి నాయకుడనుకుంటే పొరపాటు. ఇది మాకు సైటూ నేర్పింది. అరిచే ఫోర్‌మన్ కింద పని మొదటి వారం జోరుగా సాగుతుంది. తప్పు జరిగితే మాత్రం కుర్రాళ్లు భయపడి దాచేస్తారు. ఆ దాచిన తప్పు గోడ లేచాక బయటపడుతుంది.

మరి మన బీహైవ్ సంగతి?

జాన్సన్‌విల్‌లో రైలెక్కి చివరి స్టేషన్లో దిగితే, నాలుగడుగుల దూరంలో తేనెపట్టు లాంటి భవనం. తొమ్మిదో అంతస్తులో ప్రధాని కార్యాలయం, పదో అంతస్తులో మంత్రివర్గ సమావేశాలు. ఇక్కడి ప్రధానిని జనం నేరుగా ఎన్నుకోరు. పార్లమెంటులో మెజారిటీ ఉన్నంతకాలమే పదవి. సొంత పార్టీవాళ్లు వద్దనుకున్నా దిగిపోవాల్సిందే. వీటో లేదు, క్షమాభిక్ష లేదు. చూడటానికి అమెరికా అధ్యక్షుడి ముందు చిన్న పదవి.

కానీ వీసాల దగ్గరకొస్తే లెక్క తారుమారు! 2009 వలస చట్టం ప్రకారం వీసా నిబంధనలు ఖరారు చేసేది మంత్రి. పార్లమెంటు ఓటు అక్కర్లేదు. 2021 సెప్టెంబర్ 30న ప్రభుత్వం ఒకసారి ఇచ్చే రెసిడెంట్ వీసా ప్రకటించింది. 1,65,000 మందికి దక్కుతుందని అప్పటి అంచనా. ఎంతమంది ఇళ్లల్లో దీపాలు వెలిగాయో మనకు తెలుసు. అదే చేత్తో 2024 ఏప్రిల్ 7, ఆదివారం నాడు ప్రకటించి, ఆ రోజు నుంచే అమల్లో పెట్టిన మార్పుల్లో, తక్కువ నైపుణ్యం కింద లెక్కేసే పనులకు ఇంగ్లిషు పరీక్ష వచ్చింది, చాలా ఉద్యోగాలకు మూడేళ్ల అనుభవం వచ్చింది, కొందరు ఉండగల కాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. 2025 మార్చిలో ఆ అనుభవాన్ని రెండేళ్లకు దించారు. తెరవడమూ మూయడమూ ఇక్కడ ఒకే బల్ల మీద. నిజామాబాద్ తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇదే: అవును, చేయగలరు. అమెరికాలో కంటే తేలిగ్గా చేయగలరు.

అయితే ఇక్కడా గీతలున్నాయి. 1975 డిసెంబర్‌లో ప్రధాని మల్డూన్, పింఛను నిధికి డబ్బు కట్టడం ఆపేయండని చట్టం మార్చకుండానే ప్రకటించారు. ఫిట్జెరాల్డ్ అనే మామూలు ప్రభుత్వోద్యోగి కోర్టుకెళ్లాడు. చట్టాన్ని ఆపే అధికారం పార్లమెంటుకే గానీ ప్రధానికి లేదని 1976లో ప్రధాన న్యాయమూర్తి తీర్పిచ్చారు. ఒక్క ఉద్యోగి, ఒక్క ప్రధాని... గెలిచింది ఉద్యోగి!

అదే దశాబ్దంలో వీసా గడువు దాటినవాళ్ల పేరుతో పసిఫిక్ దీవుల కార్మికుల ఇళ్ల మీద తెల్లవారుజామున పోలీసులు పడ్డారు. ఫ్యాక్టరీలకు కూలీలు కావాల్సినప్పుడు రమ్మన్న దేశమే, పనులు తగ్గగానే తలుపులు బాదింది. 2021 ఆగస్టు 1న ప్రధాని జసిండా ఆర్డెర్న్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. నలభై ఏళ్లు దాటాక. ఆలస్యమే, కానీ ఆ మాట రావడానికి ఒక కారణం ఆ దీవులవాళ్ల పిల్లలు ఇక్కడ ఓటర్లయ్యారు, ఎంపీలయ్యారు, మంత్రులయ్యారు.

చేతిలో ఉన్నదాన్ని వాడుకుందాం

అసలు విషయం ఇదే. అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్నా అధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు, పౌరసత్వం రావాల్సిందే. ఇక్కడ అలా కాదు. రెసిడెంట్ వీసా వచ్చి, ఈ దేశంలో ఎప్పుడైనా ఏడాదిపాటు వరుసగా ఉన్నవాళ్లకు, 18 ఏళ్లు నిండితే, చేతిలో భారత పాస్‌పోర్టే ఉన్నా ఓటు ఉంది. 1975 నుంచీ ఉంది. పైగా అర్హత ఉన్నవాళ్లు పేరు నమోదు చేసుకోవడం తప్పనిసరి. ప్రపంచంలో చాలా తక్కువ దేశాలు ఇచ్చే హక్కు ఇది. మనవాళ్లలో ఎంతమంది వాడుతున్నారు? మా సైటులో రెసిడెన్సీ వచ్చిన ఐదుగుర్ని అడిగితే ముగ్గురు "మనకెక్కడిది ఓటు అన్నా" అన్నారు.

తెలియనితనానికి ఖరీదుంది. మా కుర్రాళ్లలో ఒకడు, "కొత్త ప్రభుత్వం వీసాలు మూసేస్తోంది, ఈ వారంలో డబ్బు కడితే పని అవుతుంది" అన్న ఏజెంటు మాట నమ్మి ఇంటికి పంపాల్సిన మూడు నెలల డబ్బు పోగొట్టుకున్నాడు. ఎవరికి ఏ అధికారం ఉందో తెలిసినవాడికి ఆ మాట అబద్ధమని అక్కడే తెలిసిపోయేది. మంత్రి ప్రకటించని నిబంధన నిబంధన కాదు. ముందు ఇమిగ్రేషన్ వాళ్ల ప్రకటన చూడండి, తర్వాతే వాట్సాప్.

ఇంకా వర్క్ వీసా మీద ఉన్న తమ్ముళ్లకు ఓటు లేదు, నిజమే. కానీ చట్టం ఉంది. యజమాని దోచుకుంటుంటే ఆ పని వదిలి వేరే పని వెతుక్కునేందుకు 2021 జూలై నుంచి ప్రత్యేక రక్షణ వీసా ఉంది. వలస కార్మికుల్ని ఇబ్బంది పెట్టే యజమానుల మీద 2024 జనవరి నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది. భయపడి నోరు మూసుకుంటే ఆ చట్టాలు కాగితాలే.

ఓటు ఉన్న అన్నలకు మాత్రం ఒక్క మాట. నిన్న మనమూ ఆ తమ్ముళ్ల స్థానంలోనే ఉన్నాం. రేపు బీహైవ్ పదో అంతస్తులో ఎవరు కూర్చోవాలో చెప్పే హక్కు మనకొచ్చింది. వాళ్లకింకా రాలేదు. కాబట్టి మనం వేసే ఓటు వాళ్ల తరఫున కూడా. ఎన్నికలు దగ్గరపడ్డాక చూద్దాంలే అనుకోకండి, ఈ వారమే పేరు నమోదు చేయించుకోండి. ఓటు అడగడానికి వచ్చిన నాయకుణ్ని ఒక్క ప్రశ్న అడగండి: వీసా నిబంధన మార్చేముందు, ఇప్పటికే ఇక్కడికొచ్చి పనిచేస్తున్నవాడికి ఎంత గడువిస్తారు?

సంతకం వాళ్లదే. ఆ కలం ఎవరి చేతికివ్వాలన్నది కొంతైనా మన చేతిలో ఉంది. సోమవారం పనికెళ్లే ముందు ఆ ఒక్క పని చేసేద్దాం.