బొమ్మ సరే, మాట ఏదీ?

కెమెరా కొనటమంటే పెళ్ళిసంబంధం చూడటం లాంటిదే. అందరూ ముందు ముఖం చూస్తారు. కాపురానికి కావలసిన గుణాలు తరువాత గాని బయటపడవు. ఈ సత్యం నాకు అరవై దాటిన తరువాత, మా హిందూపురం బడి పుణ్యమా అని తెలిసివచ్చింది.

నేను ఆ బడిలో పంతులుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. విశ్రాంతి అని పేరే గాని, కమిటీలో ఒక కుర్చీ నాకూ తగిలించారు. పోయిన యేడు వార్షికోత్సవంలో ఏడో తరగతి పిల్ల ఒకతె వేదిక యెక్కి మాట్లాడింది. మాట్లాడటంలో వింతేమిటని అడుగుతారేమో! ఆ పిల్లకు నత్తి. మూడేళ్ళుగా తరగతిలో లేచి నిలబడి జవాబు చెప్పి యెరగదు. అటువంటిది, చింతపండు మండీలో మూటలు మోసే తన తాతను గురించి నాలుగు నిమిషాలు, ఆగి ఆగి, అయినా ఆపకుండా చెప్పింది. ముందు వరసలో కూర్చున్న నా కళ్ళద్దాలు మసకబారాయి.

తండ్రి బెంగుళూరులో కట్టడాల పని చేస్తాడు. సెలవు దొరకలేదు. మా అయ్యవారొకరు హాలు చివర నిలబడి సెల్‌ఫోనులో తీసిన వీడియో ఆ రాత్రే ఆయనకు పంపాము. తెల్లవారగానే ఆయన ఫోను వచ్చింది.

"సార్, బొమ్మ బాగుండాది. మా పాప ఏం చెప్పెనో ఒక్క ముక్కా ఇనపడల్యా."

మేమూ పెట్టుకు విన్నాము. పంకాల రొద, కుర్చీల గోల, ఎవరి చంకలోనో పసిపిల్ల యేడుపు. వీటి మధ్య ఆ పిల్ల పెదవులు మాత్రం కదులుతున్నాయి. మళ్ళీ ఒకసారి చెప్పమ్మా అంటే తల అడ్డంగా వూపింది. "ఒకతూరి చెప్పినా గదా సార్" అంది. ఆ మాట నన్ను చాలారోజులు వదలలేదు.

ఇంతలో పాత విద్యార్థులు అరవై వేలు చందా వేసి, బడికి మంచి వీడియో కెమెరా కొనమన్నారు. కమిటీలో చర్చ మొదలయింది. ఒకరు ఫోర్ కె వుండి తీరాలన్నారు. ఒకరు గాలిలో యెగిరే డ్రోను అన్నారు. మరొకరు గోడకు బిగించి పిల్లల అల్లరిని కనిపెట్టే కెమెరాలు నాలుగు కొంటే పీడా వదులుతుందన్నారు. చివరకు, తీరిక గలవాడు గనుక, ఆ భారం నా నెత్తిన పెట్టారు. "మీకు రేడియో తిప్పడమే రాదు గదండీ!" అంది మా ఆవిడ. రాదు గనుకనే నలుగురినీ అడిగి తెలుసుకుందామని బయలుదేరాను.

మొదటి మజిలీ పెనుకొండ. 1565లో తళ్ళికోట యుద్ధం పోయిన తరువాత విజయనగర ప్రభువులు రాజధానిని తెచ్చి పెట్టుకున్న వూరు. ఆ వూళ్ళో ఒక బడిలో కెమెరా కూడా అలాగే బీరువాలో తలదాచుకొని వుంది. వూరు చెప్పాను గాని బడి పేరు చెప్పను. చాలా పెద్ద కెమెరా. దాన్ని నడపడం తెలిసిన అయ్యవారు ఒక్కరే. ఆయనకు బదిలీ అయింది. తాళంచెవి ఆఫీసులో, కెమెరా బీరువాలో, బ్యాటరీ వాడక లేక పాడయి పెట్టెలో. చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాను: ఒక్కరికే లొంగే కెమెరా బడికి పనికిరాదు. పదమూడేళ్ళ పిల్ల చేతిలో పట్టేదిగా, పది నిమిషాలలో నేర్చుకునేదిగా వుండాలి.

అదే రైలుదారిలో ధర్మవరం వెళ్ళాను. అక్కడ పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే నా పాత శిష్యుడొకడున్నాడు. పట్టుచీరల వూరు గదా, వాడికి పెళ్ళిళ్ళకు కొదవ లేదు. కాఫీ యిచ్చి, "సార్, మీరు నాకు పాఠం చెప్పినారు. ఈపొద్దు నేను చెప్తా, రాసుకోండి" అన్నాడు. బుద్ధిగా రాసుకున్నాను.

వాడు చెప్పినదిది. బొమ్మకు కన్ను యెంతో, మాటకు మైకు అంత. ఆరుబయట దూరం రెట్టింపయితే శబ్దం బలం నాలుగోవంతుకు పడిపోతుంది. కనుక ఎంత ఖరీదయిన కెమెరా అయినా హాలు చివరనుంచి వినలేదు. మైకు మాట్లాడే మనిషి దగ్గర వుండాలి. అందుకని బయటి మైకు తగిలించే రంధ్రం, చెవికి హెడ్‌ఫోన్లు పెట్టుకునే రంధ్రం, రెండూ వున్న కెమెరానే కొనాలి. కొన్నింటికి యివి వుండవు. ఇక జూము. కటకం కదిలి దగ్గరకు తెచ్చేది నిజమైన జూము. డిజిటల్ జూము అంటే వున్న బొమ్మను రబ్బరులా సాగదీయటమే. మన దేశపు కరెంటు సెకనుకు యాభై ఆవృత్తాలు గనుక, ట్యూబులైట్ల కింద తీసేటప్పుడు సెకనుకు 25 బొమ్మలు, షట్టరు యాభయ్యో వంతు పెడితే తెర మినుకుమినుకుమనదు. కదలని స్టాండు తప్పనిసరి. సెకనుకు 24 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకు దాదాపు 11 గిగాబైట్లు ఖర్చవుతుంది. 32 గిగాబైట్ల కార్డు మూడు గంటలకు కొంచెం తక్కువగా వస్తుంది. వార్షికోత్సవంలో అధ్యక్షులవారి వుపన్యాసంతో సహా సరిపోతుందన్నమాట!

సాయంత్రం నన్ను ఆ మండలంలోనే వున్న నిమ్మలకుంటకు తీసుకువెళ్ళాడు. తోలుబొమ్మల వూరది. 2020లో పద్మశ్రీకి ఎంపికయిన దళవాయి చలపతిరావుగారి వూరు. తోలుబొమ్మలాట తియ్యటం కెమెరాకు పెద్ద పరీక్ష అని అక్కడే నాకు వాడు చెప్పాడు. చుట్టూ చీకటి, మధ్య దీపం వెలిగే తెర. తనంతట తాను వెలుతురు సర్దుకొనే కెమెరా ఆ చీకటి చూసి కంగారుపడి వెలుగు పెంచేస్తుంది. తెర తెల్లబారి, బొమ్మల ఎరుపూ పచ్చా వెలిసిపోతాయి. కనుక వెలుతురును మన చేత్తో బిగించి వుంచే వీలున్న కెమెరా కావాలి. "అయితే సార్, బొమ్మ పాడయినా కథ తెలుస్తాది. పాట పాడయితే ఏం మిగుల్తాది?" అన్నాడు. తెరమీద ఆడేది బొమ్మే గాని, ఆడించేది వెనక పాడే గొంతు కదా!

తిరుగు రైలులో ఒక సంగతి గుర్తుకు వచ్చింది. 1975 ఆగస్టునుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు టెలివిజను పాఠాలు పంపారు. మన ఆంధ్రప్రదేశ్ కూడా వాటిలో వుంది. అది గొప్ప ప్రయత్నం. కాని ఆనాడు చెప్పేవారు ఎక్కడో, వినే పిల్లలు యిక్కడ. ఇప్పుడు పిల్ల యిక్కడ చెబితే తండ్రి ఎక్కడో వినాలి. దారి తిరగబడింది. అటువంటప్పుడు వినిపించని కెమెరా ఎందుకు?

కమిటీకి నా నివేదిక ఒక పేజీ. డబ్బులో మూడింట రెండు వంతులు కెమెరాకు, తక్కిన వంతు కాలరుకు తగిలించే తీగలేని మైకుకు, స్టాండుకు, హెడ్‌ఫోన్లకు, అదనపు బ్యాటరీకి, కార్డులకు. ఫోర్ కె లేకపోతే కొంప మునగదు. పిల్లల కాపలాకు కొనటం లేదు, పిల్లల చేతికి యివ్వటానికి కొంటున్నాము. ఇంకొకటి: 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి ముఖ్యమంటుంది. చట్టం మాట అటుంచినా, పిల్లను అడగకుండా పిల్ల బొమ్మను వూరికంతా పంపటం మర్యాద కాదు. అనుమతి పత్రం ముందు, కెమెరా తరువాత.

"మరి పిక్సెళ్ళు యెన్ని?" అని అడిగారు ఫోర్ కె సభ్యులు. పుస్తకమంతా తిరగేశాను. ఆ సంగతి రాసుకోలేదు!

కొనేరోజున ఆ పిల్లనూ, వాళ్ళ అమ్మనూ వెంటబెట్టుకు వెళ్ళాను. దుకాణంవారు మూడు కెమెరాలు బల్లమీద పెట్టారు. అంగడి గుమ్మం దగ్గర, రోడ్డుమీద లారీలు పోతుండగా పిల్లను నిలబెట్టి, నీ యిష్టం వచ్చింది చెప్పమన్నాను. తన పేరూ, వూరూ చెప్పింది. మూడుసార్లూ తీసి, హెడ్‌ఫోన్లు ఆ పిల్ల చెవులకే పెట్టాము. మొదటిదానికి మైకు పెట్టే చోటే లేదు. అంతా లారీల మోతే అంది. రెండోదానికి కాలరు మైకు తగిలించాము గాని, లోపల బుస్సుమంటోంది అంది. మూడోదానికీ ఆ మైకే. విని కాసేపు మాట్లాడలేదు. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ విన్నది.

"ఇందులో ఉండేది నేనే సార్" అంది.

బిల్లు వెయ్యమన్నాను.