సంతకం పెట్టే కాయిదం మన భాషల ఉండాలె

మొన్న సౌదీ నుంచి వాపసొచ్చిన ఒక తమ్ముడు మా ఇంటికొచ్చిండు. జగిత్యాల దిక్కు పల్లె. పది పాసైండు, అక్కడ మూడేండ్లు సెంట్రింగ్ పని జేసిండు. "అన్నా, వచ్చే ముందల ఒక కాయిదం మీద సంతకం పెట్టుమన్నరు. అంతా అరబ్బీల ఉండె. టికెట్ కోసమేమో అనుకోని పెట్టిన" అన్నడు. దాని ఫోటో ఫోన్ల ఉంటే యాప్‌ల పెట్టి చూసినం. రెండు నిమిషాలల్ల తెలుగైంది. 'నాకు రావాల్సిన పైసలన్నీ ముట్టినయి' అని ఉంది. నాలుగు నెలల జీతం గట్లనే మునిగింది.

గల్ఫ్‌కు పోయేటోళ్లకు ఊర్లె అందరు చెప్పేది ఒక్కటే మాట: "భాషదేముంది, పోయినంక అదే వస్తది. సర్దుకపోవాలె." నిజమే, కొంత వస్తది. నెల తిరగకముందే మాఫీ అంటే లేదని, ఫులూస్ అంటే పైసలని తెలుస్తది. నేపాలోళ్లు, బంగ్లాదేశోళ్లతోని ఒక్క రూముల ఉంటే హిందీ నాలుక మీదికొస్తది. బువ్వ తినేటోడు కుబూస్‌కు అలవాటైతడు. శుక్రవారమే ఐతారం లెక్కయితది.

గని పని చేసే భాష వేరు, హక్కు అడిగే భాష వేరు. మొదటిది ఫోర్‌మన్ వారంల నేర్పిస్తడు, ఆయనకు అవసరం గనుక. రెండోది ఎవ్వలు నేర్పరు. యూఏఈల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక, మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాక ఎండల పని చేయించొద్దని రూలుంది. కార్మికుని పాస్‌పోర్టు యజమాని గుంజుకోవద్దని గూడ ఉంది. ఇవి తెల్వనోడు "ఇక్కడి పద్ధతే ఇంతేమో" అనుకుంటడు. దాన్ని సర్దుకపోవుడు అనొద్దు, మోసపోవుడు అనాలె.

ఇంకో ముచ్చట. పనికి తీసుకునే ముందల ఇచ్చే ఆఫర్ లెటర్ కార్మికునికి అర్థమయ్యే భాషల ఉండాలని 2016ల యూఏఈ ఒక పద్ధతి తెచ్చింది. అరబ్బీ, ఇంగ్లిష్‌తోపాటు హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, బెంగాలీ, నేపాలీ, సింహళం, దరీ, చైనీస్ పెట్టిన్రు. మొత్తం 11 భాషలు. లెక్కవెట్టి చూడుండ్రి, అండ్ల తెలుగు లేదు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి ఇంతమంది పోతుంటే మన భాష ఎందుకు లేదని గట్టిగ అడిగిన నాయకుడు నాకైతే కనవడలే.

మన దేశం దిక్కు చూస్తే ఇంకో కిరికిరి. 1983 వలస చట్టం కింద గల్ఫ్ దేశాలకు పోవాలంటే సర్కారు క్లియరెన్స్ కావాలె. అప్పుడే 10 లక్షల బీమా తప్పనిసరి అయితది. గని పది పాసైనోళ్లకు ఆ క్లియరెన్స్ అక్కర్లేదు. చదువుకున్నోడు తన సంగతి తాను చూసుకుంటడని లెక్క. ఇయ్యాల ఊర్లె పోరగాండ్లు మస్తుమంది పది పాసైనోళ్లే. తెలుగు మీడియంల పది చదివినోడికి అరబ్బీ కాయిదం ఎట్ల సమజైతది?

అందుకే అడగాల్సినయి రెండు. ఒకటి, పది పాసైనా కాకున్నా పోయే ప్రతి ఒక్కనికి తెలుగుల శిక్షణ, అదీ మండలంలనే. రెండు, కాంట్రాక్టు తెలుగుల గూడ చేతికియ్యాలె. ఎంపీలు ఈ రెండు మాటలు పార్లమెంటుల మాట్లాడాలె.

అప్పటిదాక తమ్మీ, నీ జాగ్రత్తల నువ్వుండు. ఏజెంటు లైసెన్స్ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ల చూసుకో. కాంట్రాక్టు ఫోటో తీసి ఇంటికి పంపు. అర్థంకాని కాయిదం ముందల పెడితే పెన్ను పట్టకు, ఫోన్ తియ్యి. ఆ రెండు నిమిషాలు ఆగనియ్యకుండ తొందరవెడుతున్నరంటే, అండ్ల ఏదో ఉన్నట్టే.