తిండి పాఠం చెప్పేటోళ్ళకు వాడ జవాబు

ఈ మధ్య మన వాడలకు కొత్త ఉపదేశం మొదలైంది. జొన్నలు తినండి, రాగులు తినండి, తెల్లన్నం తగ్గించండి, ఆకుకూరలు వాడండి. డాక్టరూ ఇదే చెప్తున్నాడు, టీవీ ఇదే చెప్తోంది. మాట నిజమే, మాట మీద తకరారు లేదు. మా తకరారల్లా ఒక్కటే: ఎవరు ఎవరికి చెప్తున్నారు?

జొన్న గటక, సజ్జ రొట్టె, రాగి సంకటి, అంబలి తిని బతికిందెవరు? దొర ఇంట్లో సన్నబువ్వ ఉడికిన రోజున వాడలో గటక ఉడికింది. కూలి కూడా జొన్నలే కొలిచి పోసేవాళ్ళు. అప్పుడు వాటికి గౌరవం లేదు. సర్కారు కాగితాల్లో అవి ముతక ధాన్యాలు, ఊరి నోట్లో మాలమాదిగల కూడు. 2018లో కేంద్రం 'ముతక' తీసేసి పోషక ధాన్యాలంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. ముతకవి చిరు అయ్యాయి, చిరువి సిరి అయ్యాయి, పేరు మారినకొద్దీ రేటు పెరిగింది. ఇవాళ కొర్రలు పట్నంలో అద్దాల బీరువాలో ఉన్నాయి. వాటిని పండించి తిన్న జనం సంచీ పట్టుకొని రేషన్ షాపు ముందున్నారు.

రేషన్ బియ్యాన్ని మేం తిట్టం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినాకే ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి రోజూ వెలిగింది, గింజల అప్పుకోసం దొర గడప ముందు నిలబడే బాధ కొంత తప్పింది. ఆ బియ్యంతో కూలోళ్ళు సోమరులయ్యారని వాగే పెద్దమనుషులతో గొంతు కలిపేది లేదు. కానీ బియ్యంతో పాటు జొన్న రాలేదు, చాలినంత పప్పూ రాలేదు. చేలల్లోకి పత్తి వచ్చింది, కూలి డబ్బుల్లోకి మారింది. కంచంలో అన్నం, మీద పచ్చిపులుసు మిగిలాయి. కడుపు నిండింది గాని ఒంట్లోకి నెత్తురు రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను పరీక్షిస్తే, తెలంగాణలో నూటికి 57 మందికి పైగా, ఆంధ్రలో 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. నాట్లేసే చేతులు, కలుపు తీసే చేతులు ఇందులో ఎన్నో!

2025 ఉగాదికి తెలంగాణలో రేషన్‌లో సన్నబియ్యం మొదలైంది. దొర తిన్న బువ్వ మనకూ దక్కిందన్న సంతోషం చిన్నదేం కాదు. అయితే ఒంటికి పట్టే లెక్క వేరు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూడండి. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో 10 దాటదు. సజ్జల్లో ఇనుము ఆ బియ్యం కన్నా సుమారు పది రెట్లు. ఇక చట్టమేమంటోంది? 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం మూడు రూపాయలు, గోధుమ రెండు, ముతక ధాన్యం ఒక్క రూపాయి అని రాసే ఉంది. 2023 జనవరి నుంచి ఆ రూపాయి కూడా లేదు, ఉచితమన్నారు. మరి మీ ఊరి షాపులో జొన్నలు చూసినోళ్ళెవరైనా ఉన్నారా?

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ళల్లో దళిత ఆడవాళ్ళు తొంభైల్లోనే దీనికి దారి చూపారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరి, బీడు పడ్డ చెలకల్ని జొన్న కిందికి తెచ్చి, ఊళ్ళోనే ధాన్యం నిధి పెట్టుకొని, పేదింటికి జొన్నలు అందించారు. సర్కారుకు ఇది తెలియక కాదు.

ఇక ఆరోగ్య చార్టుల సంగతి. పాలు, పెరుగు, పండ్లు, బాదం పప్పులు బొమ్మలేస్తారు. పెద్దకూర బొమ్మ వెయ్యరు. నూరు గ్రాముల కూరలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులున్నాయి. మాంసంలోని ఇనుము ఆకుకూర ఇనుము కన్నా తేలిగ్గా ఒంటికి పడుతుంది. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు, మాంసంలో దొరుకుతుంది. కార్జం, బోటి, ఎండు తునకలు మన పేదరికపు గుర్తులని సిగ్గుపడమన్నారు. 2012లో ఉస్మానియా విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకుంటే దాడికి దిగారు. 2021లో కర్ణాటకలో బడిపిల్లలకు గుడ్డు పెడతామంటే మఠాధిపతులు అడ్డం పడ్డారు. గుడ్డు వద్దన్నవాళ్ళ పిల్లలు ఆ బళ్ళో చదువుతారా? మడి వాళ్ళది, ఆకలి మన పిల్లలది!

ఆకుకూరలు తినమంటున్నారు సరే. చేను గట్టున గునుగు, తుమ్మి, దొగ్గలి, పాయలకూర పైసా లేకుండా ఒళ్ళో వేసుకొచ్చేది మన అమ్మలే. గడ్డిమందు కొట్టి వాటిని చంపారు. పుస్తకాల్లో వాటి పేరు కలుపు మొక్కలు!

బయటివాళ్ళను అన్నంత మాత్రాన మన వంటింటి లెక్క తీరదు. బియ్యాన్ని నాలుగైదు నీళ్ళు కడిగి, గంజి వార్చి పారబోస్తే బి విటమిన్లు అందులోనే పోతాయి. గంజి తాగినోళ్ళని వెక్కిరిస్తారని పారబోయడం మొదలుపెట్టాం. ఎసరు కొలిచి పెట్టండి, లేదా ఆ గంజిని పప్పులో పోయండి. ఆకుకూరను ముందు కడిగి తర్వాత తరగండి, నిమ్మరసం పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది. తినంగానే చాయ్ తాగితే ఆ ఇనుము సగం వృథా, గంట ఆగండి. ఎండుచేపలు మంచివే, కాని వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి ఉప్పు వదిలించండి, బీపీ ఉన్నోళ్ళు మరీ జాగ్రత్త. పిల్లలు ఏడుస్తారని చిప్స్ పాకెట్‌కు పెట్టే పదితో గుడ్డు ఉడకబెట్టి పెట్టొచ్చు.

అన్నలారా, ఇంకొకటి. కూర తెచ్చిన రోజు కార్జం ముక్క ఎవరి కంచంలో పడుతోంది? మొగోడు, పిల్లలు తిన్నాక అడుగున మిగిలిన పులుసుతో ఆమె తింటోంది. నెత్తురు లేనిది ఆమెకు, ముక్కలు మనకు! మనువును ఊరవతల తిట్టి, ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టామా? నెలతప్పిన మనిషికి, బాలింతకు, ఎదిగే ఆడపిల్లకు ముందు వడ్డించండి. సంఘం మీటింగుల్లో వంట చేసిన అక్కలతో కలిసి ఒకే బంతిలో తినండి.

వచ్చే గ్రామసభకు వాడంతా కదలాలి. చట్టంలో ఉన్న జొన్న, రాగి మా షాపుకు ఎందుకు రావడం లేదో రాతపూర్వకంగా అడగండి. తీర్మానం పుస్తకంలోకి ఎక్కేదాకా లేవకండి. అంగన్‌వాడీకి నెలకు ఎన్ని గుడ్లొచ్చాయి, ఎన్ని పిల్లల నోట్లోకి పోయాయి, రిజిస్టరు తీసి చదివించండి. చదువు రానోళ్ళు చదివే పిల్లను వెంటబెట్టుకు పోండి. ఏం జవాబిచ్చారో పత్రికకు రాసి పంపండి, ఊరి పేరుతో సహా అచ్చేస్తాం.