అద్దె కారు లెక్క ఎవరు రాస్తారు?

మా ఫ్రిజ్ మీద పాల లెక్కల పుస్తకం ఒకటి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి దాని వెనక పేజీల్లో వేరే లెక్క రాస్తున్నాను. అద్దె కారు లెక్క.

మాది అమరావతి. మావారు గుంటూరు నుంచి వస్తుంటే, లాం దాటాక, యార్డుకి మిర్చి టిక్కీలు ఎత్తుకెళ్తున్న మినీ లారీ ముందున్న ట్రాక్టర్ని దాటబోయి ఎదురొచ్చి గుద్దింది. కారు ముందుభాగం నుజ్జయింది. ఆయన భుజం దగ్గర ఎముక విరిగింది. చూడవచ్చిన వాళ్ళంతా ఒకటే మాట: "ప్రాణం దక్కింది, అదే పదివేలు." నేనూ అమరేశ్వరుడికి కొబ్బరికాయ కొట్టి అదే అనుకున్నాను.

కానీ ప్రాణం దక్కిన మర్నాడు కూడా ఇల్లు నడవాలి కదా! మా అత్తయ్యకి వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలసిస్. నాలుగు గంటలు మిషను మీద ఉండి లేచిన మనిషిని బస్టాండులో నిలబెట్టలేను. కారు షెడ్డులో ఉంది, నడిపే మనిషి చెయ్యి కట్టులో ఉంది. ఇక మిగిలింది అద్దె కారే. ఒక్కో ట్రిప్పుకి 1,800 రూపాయలు. ఐదు వారాలు, పది ట్రిప్పులు, 18,000 రూపాయలు. మావారి కట్టు చూపించుకోవడం కూడా ఆ రోజుల్లోనే సర్దాను కాబట్టి అంతటితో ఆగింది.

సర్వేయర్ గారు వచ్చి బంపర్, బానెట్, లైట్లు అన్నీ రాసుకున్నారు. ప్లాస్టిక్ భాగాలకి సగం తరుగు తీసేశారు. "మరి అద్దె కారండీ?" అన్నాను. "అది మీ పాలసీలో రాదమ్మా" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. మామూలు పాలసీ బండికి తగిలిన దెబ్బకే డబ్బిస్తుంది, బండి లేకపోవడం వల్ల అయ్యే ఖర్చుకి ఇవ్వదు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళు రోజుకింతని ఇచ్చే అదనపు కవరు చాలా కంపెనీల దగ్గర ఉంది. పాలసీ కట్టేటప్పుడు ఆ మాట మాకెవరూ చెప్పలేదు. "మొత్తం కవరవుద్ది సార్" అనే మాట మాత్రం చెప్పారు.

ఆ చెప్పని చోటే క్లెయిం ఏజెంట్ దూరతాడు.

మేము ఆస్పత్రిలో ఉన్న రెండో రోజే ఒకాయన వచ్చాడు. చేతిలో ఫైలు, నోట్లో "అక్కా" అనే పిలుపు. బాగా పలకరించాడు, కొబ్బరిబోండాం కూడా తెచ్చాడు. "కోర్టు, పోలీసులు, లాయరు అంతా మేం చూసుకుంటాం. మీరు గడప దాటక్కర్లా. వచ్చినదాంట్లో నూటికి ముప్పై మాది. ఇక్కడ సంతకం పెట్టండి చాలు" అన్నాడు. ఆ కాయితాల్లో రెండు తెల్లవి. మావారు నొప్పితో, "పెట్టెయ్యి, ఎవరు తిరుగుతారు?" అన్నారు. నేను పెన్ను తీసుకున్నాను కూడా.

పక్కన కూర్చున్న అత్తయ్య ఆపింది. "ఖాళీ కాయితం మీద వేలిముద్రేసే మా నాన్న అరెకరం పోగొట్టుకున్నాడే" అంది. పెన్ను కింద పెట్టాను.

మధ్యవర్తులందరూ దొంగలని నేను అనను. తెలియని వాళ్ళకి దారి చూపించి కూలి తీసుకునే వాళ్ళూ ఉంటారు. కానీ విరిగిన ఎముకకి వచ్చే డబ్బులో వాటా ఏమిటండీ? గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం లాయర్లకే బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. లాయరే అడగకూడని వాటా, లాయరు కాని మనిషి ఆస్పత్రి మంచం పక్కన నిలబడి అడుగుతున్నాడు.

మా ఆడపడుచు కూతురు ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ తప్పు ఎదుటివాళ్ళదైతే కంపెనీలు అప్పు మీద అద్దె కారు ఇచ్చి, ఆ డబ్బు ఎదుటి బీమా దగ్గర వసూలు చేసుకుంటాయి. చేతిలో డబ్బు లేక అలా కారు తీసుకున్న మనిషికి, మామూలు అద్దెకన్నా ఎక్కువైన ఆ ఖర్చు కూడా రావలసిందేనని 2003లో అక్కడి హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చింది. వినడానికి బాగుంది. కానీ అక్కడా ముందు సంతకం పెట్టాలి, ఆ సంతకంతో అద్దె బాకీ మన పేరు మీదే పడుతుంది. అక్కడ కారు తాళాలతో వస్తారు, ఇక్కడ కొబ్బరిబోండాంతో వస్తారు. రెండుచోట్లా సంతకం అడిగేది మన తల తిరుగుతున్నప్పుడే.

"అద్దె ఖర్చులు కూడా ఇస్తూ పోతే దొంగ బిల్లులు పుట్టుకొస్తాయి" అని మా మరిది వాదించాడు. పుట్టుకొస్తాయి, నిజమే. అందుకని నిజం బిల్లు చిత్తుకాగితం అవుతుందా? షెడ్డు బిల్లుల్లో దొంగవి ఉంటాయని సర్వేయర్ని పెట్టారు కానీ, రిపేరు డబ్బులు ఇవ్వడం మానెయ్యలేదుగా!

అసలు సంగతి వేరు. ఈ ఖర్చు ఇంటి లోపల పడుతుంది. ఇంటి లోపల పడేది ఆడవాళ్ళు ఎలాగోలా సర్దుతారని అందరి నమ్మకం. ఆ 18,000 నా చీటీ డబ్బులోంచి పోయింది. డ్రైవర్ని మాట్లాడింది, తెల్లవారుజామున నాలుగింటికి వంట చేసి అత్తయ్యని ఎక్కించింది, సాయంత్రం ఆయన కట్టు చూపించింది నేను. 2019లో దేశమంతటా చేసిన సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ప్రమాదం కేసులో ఈ లెక్కే చూపించి, గృహిణి పనికి విలువ కట్టి తీరాలంది. ఆ మాట రాసిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు మన ఒకప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం మనిషే. కానీ ఆ కేసులో ఇల్లాలు చనిపోయింది. మనం పోయాకే మన పనికి లెక్క కడతారా? బతికుండి కార్ల వెంట తిరిగినప్పుడు కట్టరా?

నేను తెలుసుకున్నవి మీకూ చెప్తాను. దెబ్బ తగిలిన మనిషి రవాణా ఖర్చులు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో పరిహారం కింద అడగొచ్చు. బిల్లు లేకపోతే వాళ్ళకి తోచిన అంకె వేస్తారు, అది చిన్నదే అవుతుంది. అందుకని ట్రిప్పు ట్రిప్పుకీ తేదీ, బండి నంబరు, డ్రైవరు సంతకంతో రసీదు తీసుకోండి. ఫోన్ పే చేస్తే ఇంకా మంచిది. దెబ్బలు తగిలిన ప్రమాదమైతే పోలీసులే 48 గంటల్లో ట్రిబ్యునల్‌కి మొదటి నివేదిక పంపాలని 2022 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. ఏజెంటు చేస్తానన్న పనుల్లో సగం ఇదే! అదే రోజు నుంచి అర్జీకి ఆరు నెలల గడువు కూడా పెట్టారు, కాబట్టి "చూద్దాంలే" అనకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఆడవాళ్ళకి, ఆదాయం ఎంతున్నా సరే, ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టంలో ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళి అడగాలి, అంతే. ఈ ఒక్క ముక్క ప్రతి ఆస్పత్రి గోడ మీద తెలుగులో రాసి పెడితే ఆ ఫైళ్ళ వాళ్ళకి పనుండదు. ఎందుకు రాయరో మీరే ఆలోచించండి. పాలసీ కాయితంలో కూడా ఏది వస్తుందో, ఏది రాదో తెలుగులో ఒక పేజీ ఇవ్వడానికి ఆ కంపెనీలకి ఏమడ్డం?

మా అర్జీ వేశాం. ఆయన ఖర్చులతో పాటు అత్తయ్య ట్రిప్పులు కూడా రాయించాను. "అవి ఇస్తారో లేదో" అన్నారు లాయరు గారు. ఇవ్వకపోతే ఎందుకివ్వరో రాసి చెప్పమనండి అన్నాను. ఆవిడ నవ్వి రాసుకున్నారు.

రేపు మళ్ళీ వాయిదా. పాల పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. మావారు చూసి, "అదెందుకే?" అన్నారు. "లెక్క నా దగ్గరే ఉంది కదండీ, నేనే చెప్పాలి" అన్నాను.