పాత మోటారుబండి: పిచ్చియా, ముచ్చటయా?



అమెరికాలోని మిషిగను రాష్ట్రమున, డెట్రాయిటు నగరమునకు సమీపమున కాపురముండు తెలుగు సోదరి యొకరు మాకొక జాబు వ్రాసిరి. వారి భర్తగారు 1921వ సంవత్సరపు ఫోర్డు మోడల్ టీ బండినొకదానిని కొని, ఇంటినంటియున్న మోటారుకొట్టములో నిలిపిరట. ఆదివారము వచ్చినచో ఆయన దాని క్రిందనే యుందురట. చేతులకు నల్లని జిడ్డు, బట్టలకు తుప్పు మరకలు, నెలనెలకును ఏదో యొక భాగమునకై సొమ్ము. "మాకు మంచి కారు వేరొకటి యుండగా నడువని యీ ముసలిబండితో పనియేమి? ఇది పిచ్చియా, ముచ్చటయా? మీరే తీర్పు చెప్పవలెను" అని వారు మమ్మడిగిరి. భర్త వేడుకకును ఇంటి ఖర్చునకును నడుమ నలుగుచున్న గృహిణులు మనలో ననేకులు కలరు. కావున ఈ నెల ఆ సంగతినే ముచ్చటింతము.

మొదట ఆ బండి యెట్టిదో తెలిసికొందము. మోడల్ టీ 1908వ సంవత్సరమున డెట్రాయిటులోని పికెట్ వీథి కర్మాగారములో పుట్టినది. ఆ కట్టడము నేడు ప్రదర్శనశాలగా నున్నది. మన సోదరి ఒకపూట పోయి చూచి రావచ్చును. మొదట నలుగురైదుగురు కూర్చుండదగిన బండి వెల 850 డాలర్లు. 1913లో ఫోర్డు కంపెనీవారు హైలాండు పార్కు కర్మాగారమున, పనివారు బండియొద్దకు పోవుటకు మారుగా బండియే పనివారి యొద్దకు కదలివచ్చు పద్ధతిని పెట్టిరి. వెల తగ్గుచు వచ్చి, 1925 నాటికి ఇద్దరు కూర్చుండు బండి 260 డాలర్లకే దొరకెను. 1927లో ఆ రకమును నిలిపివేయునప్పటికి కోటి యేబది లక్షల బండ్లు తయారైనవి. ధనికుల వాకిటనే యుండిన మోటారు రైతుల లోగిళ్లకు వచ్చినది ముఖ్యముగా ఈ బండితోనే. అన్ని బండ్లు పుట్టినవి కనుకనే నేటికిని వాని భాగములు దొరకుచున్నవి. కొన్నిటిని క్రొత్తగా పోతపోసి యమ్మువారును కలరు. పాతబండ్ల పని నేర్వగోరువారికి ఇది తగిన బండియే. ఆ విషయమున భర్తగారి యెంపిక తప్పు కాదు.

దాని నిర్మాణము మన వంటింటి పనిముట్లవలె తేటయైనది. పెట్రోలును తోడుటకు పంపు లేదు. ముందు సీటు క్రిందనున్న తొట్టినుండి అది తన బరువుచేతనే ఇంజనునకు దిగును. అందుచేత పెట్రోలు తక్కువగా నున్నప్పుడు నిటారైన మిట్ట యెదురైనచో, బండిని త్రిప్పి వెనుకనడకతో నెక్కించెడివారు. నీటిని త్రిప్పుటకును పంపు లేదు. ఎసటిలో వేడినీరు పైకి లేచి చల్లని నీరు దిగునట్లే, ఇంజను చుట్టునున్న నీరు వేడెక్కి రేడియేటరులోనికి పోయి, చల్లారి తిరిగివచ్చును. చమురు చాలినంత యున్నదో లేదో తెలిసికొనుటకు బండి యడుగున రెండు చిన్న కుళాయిలు కలవు. పై కుళాయినుండి రాకున్నను క్రిందిదానినుండి వచ్చినచో చాలును. క్రిందిదానినుండియు రాకున్న ఇంజను కదల్పరాదు. భర్తగారు బండిక్రింద దూరుటకు ఇదియొక కారణమని మన సోదరి గ్రహింపవలెను!

ఇక బాగుచేయు పద్ధతి. చాలకాలము కదలక నిలిచిన బండిని ఇంటికి తెచ్చిన దినముననే నడుపజూచుట పెద్ద పొరపాటు. పాత పెట్రోలును తీసివేయవలెను. స్పార్కు ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రములలో కొంచెము చమురు పోసి, కొన్నాళ్లు నాననిచ్చి, పిమ్మట చేతితో మెల్లగా త్రిప్పిచూడవలెను. బిగిసిన బోల్టుతో బలిమి పనికిరాదు. చమురును ఓపికయు కావలెను. విప్పిన ప్రతి భాగమునకును చీటి కట్టి డబ్బాలలో నుంచవలెను. పోపుల పెట్టెను సర్దుకొను మనకు ఈ విద్య యొకరు నేర్పనక్కరలేదు. కొయ్య ఆకులుగల చక్రములలో ఆకు వదులైనచో, నీట నానవేసి ఉబ్బించుట తాత్కాలికోపాయమే. కొయ్య మరల ఎండును, లేదా కుళ్లును. అట్టి చక్రములు చేయు వడ్రంగులు అమెరికాలో నేటికిని కలరు. ఇంజను లోపలి బేరింగులను తగరము మున్నగు లోహముల మిశ్రమముతో పోతపోసి, తరువాత సరిగా తొలుతురు. ఆ పని తెలిసినవారు నానాటికి తగ్గుచున్నారు. ఇనుప భాగము పోయినచో మరియొకటి కొనవచ్చును. పనితనము చేతిలోనున్న వృద్ధుడు పోయినచో ఏ అంగడిలోను దొరకదు. కావున అట్టివారెవరైన ఆ ప్రాంతముననున్న వారినొకనాడు భోజనమునకు పిలిచి, వారు చెప్పునది దంపతులిద్దరును వ్రాసికొనుడు.

పాతబండిని ప్రేమించువారిలోనే యొక వివాదము కలదు. కొందరు బండినంతయు విప్పి, పాతరంగు గీకివైచి, అద్దమువలె మెరయించెదరు. అది కర్మాగారమునుండి వెలువడిన నాడైనను అంతగా మెరసియుండదు! మరికొందరు, పుట్టుకతో వచ్చిన రంగును సీటుగుడ్డయు ఒక్కమారే యుండును, తీసివేసిన పిమ్మట ఎన్ని వేలు పోసినను రావు అందురు. అమెరికాలోని పురాతన మోటారుబండ్ల సంఘము 1935లో ఏర్పడినది. వారు క్రొత్తగా తీర్చిన బండ్లకే గాక, మార్పక కాపాడిన బండ్లకును వేరుగా గుర్తింపు నిచ్చుచున్నారు. మామట్టుకు మేము రెండవ పక్షము వారము. అమ్మమ్మ పట్టుచీర చినిగినచోట రఫ్ఫు చేయింతుము గాని, వెలిసినదని క్రొత్తరంగు వేయింపము గదా! తుప్పు తినివేసినదానిని, ప్రాణాపాయము తెచ్చుదానిని మార్పవలెను. తక్కినదానిని శుభ్రపరచి యుంచవలెను. ఇందువలన ఖర్చును తగ్గును.

ఇప్పుడు గృహిణి గట్టిగా పట్టుపట్టవలసిన విషయములు. మోటారుకొట్టము ఇంటినంటియున్నది గనుక, తలుపు మూసి ఇంజను నడుపుటకు ఎన్నడును ఒప్పుకొనరాదు. ఆ పొగలోని విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు; నిద్రించు బిడ్డల ప్రాణములు తీయగలదు. పాతరంగులలో సీసముండును. దానిని పొడిగా రాచి దుమ్ము రేపరాదు. ఆ బట్టలను బిడ్డల బట్టలతో కలిపి ఉతుకరాదు. పాత బ్రేకులలో రాతినార యుండవచ్చును గనుక ఆ ధూళిని ఊదరాదు. పెట్రోలుతో చేతులు కడుగుకొను అలవాటును మాన్పింపవలెను.

అన్నిటికంటె ముఖ్యము చేయి. ఈ బండికి స్టార్టరు లేదని వారు వ్రాసిరి. ముందుభాగముననున్న ఇనుప పిడిని త్రిప్పి ఇంజనును లేపవలెను. త్రిప్పుటకు ముందు చేతి బ్రేకును పూర్తిగా లాగి, చక్రము క్రింద ఎడమవైపున నున్న మీటను పైకి నెట్టియుంచవలెను. మరచినచో ఇంజను ఎదురు తిరిగి మణికట్టు విరుగగొట్టును. పిడిని పట్టునప్పుడు బొటనవ్రేలిని చుట్టక, తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి, ఎడమచేతితో క్రిందినుండి పైకి లాగవలెను. 1912లో కాడిలాకు బండ్లకు చార్లెసు కెట్టరింగు కనిపెట్టిన విద్యుత్ స్టార్టరు అమరినప్పుడు స్త్రీలు సంతోషించుటకు కారణమిదియే.

అట్లని అంతకుముందు స్త్రీలు బండి నడుపలేదనుకొనరాదు. 1909 జూను 9వ తేదీన ఆలిసు రామ్సే అను ఇరువదిరెండేండ్ల ఇల్లాలు మాక్స్‌వెల్ బండిలో న్యూయార్కునుండి బయలుదేరి, 59 దినములలో, సుమారు 3,800 మైళ్లు నడిపి సాన్‌ఫ్రాన్సిస్కో చేరినది. వెంట నున్నవారు ఇద్దరు ఆడపడుచులును ఒక స్నేహితురాలును. వారిలో ఎవరికిని బండి నడుపుట రాదు. త్రోవలో పదునొకండు టైర్లు మార్చినది. ప్లగ్గులు తానే తుడిచినది. రేడియేటరు ఎండినప్పుడు పండ్లు తోముకొను బ్రష్షుల డబ్బాలతో గుంటలోని నీరు మోసి పోసిరి. నూరేండ్లు నిండిన 2009లో, తండ్రి తీర్చియిచ్చిన 1909 నాటి మాక్స్‌వెల్ బండిలో ఒక కుమార్తె అదే ప్రయాణమును మరల చేసినది. తండ్రికొట్టములోని పాత ఇనుము కుమార్తె చేతికెట్లు వచ్చినదో చూచితిరా!

ఇక మా తీర్పు. వేడుకకొక లెక్కపుస్తకము వేరుగా నుండవలెను. నెలకింతయని ముందుగా అనుకొనవలెను. బిడ్డల చదువు సొమ్మును, అత్యవసరమునకు దాచినదానిని ముట్టరాదు. పెట్టినదంతయు అమ్మినప్పుడు తిరిగివచ్చునని నమ్మరాదు, తరచుగా రాదు. రెండు ఆదివారములు బండివైనచో రెండు ఇంటివి కావలెను. ఇట్లు జరిగినంతకాలము ఇది ముచ్చటయే, తప్పిననాడు పిచ్చియే. అయితే తీర్పుతోపాటు సోదరికొక మాట. గుమ్మములో నిలిచి నిట్టూర్చుటకంటె ఒక ఆదివారము కొట్టములోనికి పోయి, ఆ మూడు పెడళ్లును నేర్చుకొనుడు. ఎడమది ముందునడకకు, నడుమది వెనుకనడకకు, కుడిది బ్రేకునకు. పెట్రోలును హెచ్చించునది కాలు కాదు, చక్రము క్రింద కుడివైపు మీట. నేటి కారు నడుపువారికి మొదట తికమకయే. భర్తగారికిని అంతే గనుక సిగ్గుపడవలసినది లేదు.

ఆ బండి చక్రము మీచేత నుండగా వీథి చివరవరకు పోయి క్షేమముగా తిరిగివచ్చిన దినమున మాకు మరల జాబు వ్రాయుదురుగాక. ఈ పుటలోనే ప్రకటింతుము.