దూరమునకు తగిన గట్టిదనము

హైదరాబాదు నగరమునకు పడమట, బీజాపూరు రహదారికి ఇరుప్రక్కల విస్తరించిన మొయినాబాదు, చేవెళ్ళ మండలముల చేలు నగరవాసుల వంటయిండ్లకు టమాట, క్యారెట్టు, ఆకుకూరలు, పూజకు పూలు చిరకాలముగా సమకూర్చుచున్నవి. చిన్న మంగళారము వంటి గ్రామమున తెల్లవారుజామున కోసిన కాయ, ప్రొద్దెక్కక మున్నే మెహదీపట్నము రైతు బజారును చేరగలదు. అయినను, ఆ కొద్దిపాటి ప్రయాణము చేయు టమాటయు, మదనపల్లె విపణినుండి లారీలలో రాష్ట్రముల సరిహద్దులు దాటిపోవు టమాటయు ఒకే తీరు విత్తనమునుండి పుట్టి, ఒకే దోరదనములో చెట్టు విడిచి, బొటనవ్రేలి నొక్కుడునకు ఒకే విధముగ లొంగక నిలుచుట నేటి మన సాగులోని ఒక విపరీతము. పండు ఎంత గట్టిగా నుండవలెనన్నది అది పోవలసిన దూరమునుబట్టి తేలవలసిన విషయమనియు, నగరమునకు ఇంత చేరువనున్న నేలకు ఆ చేరువయే గొప్ప సంపద యనియు, దానిని మనము గట్టికాయల వ్యామోహమునను స్థలముల వ్యాపారమునను చేజార్చుకొనుచున్నామనియు నా దృఢమైన అభిప్రాయము.

గట్టిదనము ఎక్కడనుండి వచ్చుచున్నదో ముందు తెలిసికొనవలెను. టమాటలో నూటికి సుమారు 94 పాళ్ళు నీరే. అంత నీటిని ఒక రూపమున నిలిపియుంచునది ప్రతి కణమును చుట్టుకొనియున్న కణకవచము. అందులో సెల్యులోజు పోగులు అల్లికగా నుండును. హెమిసెల్యులోజు గొలుసులు ఆ పోగులను ఒకదానితో నొకటి కట్టివేయును. అల్లిక సందులను నింపుచు, ఇరుగుపొరుగు కణముల నడుమ పొరగా నిలిచి, రాతికట్టడమున రాళ్ళ నడుమనున్న గచ్చువలె వానిని కలిపిపట్టునది పెక్టిన్. ఫ్రెంచి రసాయనజ్ఞుడు హెన్రీ బ్రాకొన్నో 1825లో దానికి ఆ పేరు పెట్టెను. కణములోని నీరు లోపలినుండి ఒత్తుచుండగా కవచము వెలుపలినుండి బిగబట్టును. ఈ రెండు బలముల పొందికయే మన వ్రేలికి తగులు గట్టిదనము. నీరు ఆవిరియైనచో కాయ వడలును. కవచము సడలినచో కాయ మెత్తబడును. చూచుటకు ఒకటివలె తోచినను ఇవి రెండును వేర్వేరు మార్పులు.

టమాట, మామిడి, అరటి, బొప్పాయి వంటి ఫలములలో పక్వకాలము సమీపించగానే ఇథిలీన్ అను వాయువు కాయలోనే పుట్టి, అనేక ఎంజైములను మేల్కొలుపును. ఒకటి పెక్టిన్ గొలుసులకు అంటియున్న మిథైల్ భాగములను ఊడదీయును. పాలిగెలాక్ట్యురోనేజు, పెక్టేట్ లయేజు అనునవి అట్లు బయటపడిన గొలుసును ముక్కలు చేయును. ఎక్స్‌పాన్సిన్ అను మాంసకృత్తు సెల్యులోజునకును హెమిసెల్యులోజునకును గల పట్టును సడలించును. ఆకుపచ్చదనము పోయి ఎరుపు వచ్చుట, పులుపు తగ్గుట, కమ్మని వాసన పుట్టుట, కవచము సడలుట ఇవన్నియు ఒకే పిలుపునకు పలికిన పలుకులు గనుకనే, మెత్తదనమును ఆపదలచి ఆ పిలుపునే ఆపినచో రుచియు దానితోపాటు ఆగిపోవును. గట్టికాయ కథలోని చిక్కంతయు ఇందే యున్నది.

మిథైల్ భాగములు ఊడిన పెక్టిన్ గొలుసునకు మరియొక గతియు కలదు. అక్కడ కాల్షియము లభించినచో, అది రెండు గొలుసుల నడుమ చేరి వానిని బిగించివేయును. ఎంజైములు వచ్చి త్రెంచుట అప్పుడు కష్టమగును. పేఠా చేయువారు బూడిదగుమ్మడి ముక్కలను సున్నపుతేటలో నానవేసి, పాకములో ఎంత ఉడికినను చిదికిపోకుండ నిలుపుట ఈ ధర్మమువలననే. చేనిలోను ఇదియే నియమము. కాల్షియము నీటితోనే వేరునుండి పైకెక్కును. ఒకనాడు ఎండగట్టి మరునాడు ముంచెత్తు తడియందు అది కాయ కొనదాక చేరక, కాయ అడుగుభాగము నల్లబడి కుళ్ళును. డ్రిప్పు గొట్టముద్వారా సమముగ నీరు పెట్టిన రైతు, తెలిసియో తెలియకయో కణకవచమునకు బలము కూర్చుచున్నాడు. గట్టిదనము విత్తనపు సంచిలో మాత్రమే యున్నదని తలచుట పొరపాటు. అందులో కొంత నీటితడిలో నున్నది, కొంత కోతవేళలో నున్నది, కొంత కాయను మోయు పెట్టెలో నున్నది.

విత్తనముద్వారా గట్టిదనము సాధింపబూనిన చరిత్ర మనకు చక్కని పాఠము. అమెరికాలో కాల్జీన్ సంస్థ పాలిగెలాక్ట్యురోనేజును అణచి, ఫ్లేవర్ సేవర్ అను టమాటను 1994లో అంగళ్ళకు తెచ్చెను; ఒక్క ఎంజైమును అణచినంత మాత్రమున కాయ ఆశించినంత గట్టిపడలేదు; కొలది సంవత్సరములలోనే అది విపణినుండి తొలగిపోయినది. పక్వతనే మందగింపజేయు రిన్ అను జన్యుమార్పు 1968లో వెల్లడియైనప్పటినుండి, దానిని వాడి రూపొందించిన సంకరజాతులు పెక్కుదినములు నిలువయుండినను, రంగునను వాసనయందును వెనుకబడినవి. ఢిల్లీలోని జాతీయ వృక్షజన్యు పరిశోధన సంస్థ వారు 2010లో, మాంసకృత్తులకు అంటియుండు చక్కెర గొలుసులను కత్తిరించు రెండు ఎంజైములను అణచి, టమాట సుమారు 30 దినములు అదనముగ నిలుచునట్లు చేసి చూపిరి. నాటింగ్‌హాం విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2016లో పెక్టేట్ లయేజు నొక్కదానిని అణచి, రంగురుచులకు చెప్పుకోదగిన హాని లేకుండ కాయను గట్టిగా నిలుపవచ్చునని నిరూపించిరి. జన్యుమార్పిడి టమాట మన చేలలోనికి రాలేదు. కాని పిలుపును ఆపక, కత్తెరను మాత్రము పట్టుకొనుట సాధ్యమన్న ఈ జ్ఞానము సాధారణ సంకరణమునకును దారి చూపగలదు.

నేడు మన రైతు నాటు జాతులను, పూసా రూబీ వంటి మెత్తని, రసభరితమైన పాత రకములను విడిచి, దళసరి తోలు, గట్టి కండ గల సంకరజాతులవైపు మొగ్గినాడని అతనిని తప్పుపట్టుట న్యాయము కాదు. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క రక్షక్ వంటివి తెగుళ్ళను తట్టుకొనుచు, రెండు వారములకు పైగా నిలువయుండి అతనికి ధైర్యమునిచ్చినవి. మొయినాబాదు చేని గట్టున నిలిచి చూడుడు: 25 కిలోల ప్లాస్టిక్ పెట్టెను అంచు మించి నింపి, దానిపై మరియొకటి పెట్టినప్పుడు, పై పెట్టె బరువు క్రింది పెట్టె అంచులపై గాక కాయలపైననే పడును. అడుగువరుసలోని కాయ తోలు చెక్కు చెదరకున్నను లోపల కండ చితుకును. చితికినచోట ఇథిలీన్ మరింత పుట్టి, ప్రక్కకాయలను తొందరపెట్టును. సాయంకాలమునకు చెమ్మ ఊరును. మరునాటికి బూజు పట్టును. పెట్టెలో నాలుగు కాయలు చెడినచో ధరలో కోతపెట్టు బేరగాని యెదుట, ఏ రైతు మెత్తని పండును కోరి పండించును?

కనుక మారవలసినది రైతు బుద్ధి కాదు. అతని చుట్టునున్న ఏర్పాటు. రంగు తిరిగి మూడువంతులు ఎర్రబడిన కాయను చల్లని వేకువలో కోసి, నీడలో ఆరబెట్టి, రెండు మూడు వరుసలకు మించని లోతు తక్కువ పెట్టెలలో నగరమునకు చేర్చినచో, గంటన్నర ప్రయాణమునకు మధ్యరకపు గట్టిదనము చాలును. కోసిన కాయను మధ్యాహ్నపు టెండలో వదలినచో మెత్తబడుట ఆగదు గాని, వేడిమి 30 డిగ్రీలు దాటిన కొలది ఎరుపునిచ్చు లైకోపీన్ పుట్టుట మందగించి, కాయ పసుపుడాలుతో మిగిలిపోవును. అట్లని పచ్చికాయను అతిశీతలములో పెట్టుటయు తగదు. 10 డిగ్రీలకు తగ్గిన చలిలో టమాట పక్వశక్తిని కోల్పోవును. చెట్టుమీద కొంతయైన పండిన కాయకు ఈ రెండు బాధలును తక్కువ.

గట్టిదనమునకును తాజాతనమునకును మనము ముడిపెట్టిన తప్పుడు బంధమే మామిడిలో మరింత క్రూరరూపము దాల్చినది. ముదరని కాయను గట్టిగానున్నప్పుడే కోసి, కాల్షియం కార్బైడుతో మాగబెట్టినచో, దానినుండి వెలువడు ఎసిటిలీన్ ఇథిలీన్‌ను అనుకరించి తోలుకు పసుపు పూయును గాని, కండలో లేని తీపిని పుట్టింపజాలదు. చట్టము కార్బైడును నిషేధించినది; 2016లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ పదిలక్షల పాళ్ళలో 100కు మించని ఇథిలీన్ వాయువునకు అనుమతినిచ్చినది. తొందరపాటునకు అంతకంటె న్యాయమైన మందు, ముదిరిన కాయనే కోయుట.

ఇంతయు చెప్పి భూమి మాట చెప్పకుండుట అసంపూర్ణము. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయముల పరివాహకములోని 84 గ్రామములలో కాలుష్యకారక పరిశ్రమలను, భారీ నిర్మాణములను నిరోధించుచు 1996 మార్చి 8న 111వ ఉత్తరువు వెలువడినది. మొయినాబాదు, చేవెళ్ళ మండలముల గ్రామములు పెక్కు అందులో చేరినవి. 2022 ఏప్రిలులో 69వ ఉత్తరువు ఆ ఆంక్షలను సడలించినది. ఆంక్షలవలన తమ భూమికి తగిన ధర రాలేదన్న రైతుల ఆవేదన నిజమైనది. కాని చేనిని ప్లాట్లుగ కోసిన పిమ్మట, నగరము తన కూరగాయలను మరింత దూరమునుండి తెప్పించుకొనవలసి వచ్చును. దూరము పెరిగినకొలది పచ్చిగా కోయుటయు, గట్టిజాతుల నెన్నుకొనుటయు తప్పవు. స్థలము కోల్పోయిన నగరము రుచిని కూడ కోల్పోవును. కనుక కూరగాయలు పండించుచు నిలిచిన రైతునకు ఎకరమున కింతయని ఏటేట ప్రోత్సాహకమిచ్చుట దానము కాదు, నగరము చెల్లింపవలసిన ఋణము.

ప్రభుత్వము చేయవలసిన పనులు కొన్ని కలవు. 1999లో వెలసిన రైతు బజారులలో, చెట్టునపండిన కాయకు వేరుగ ఒక వరుసను, వేకువనే వచ్చు సమీపగ్రామముల రైతులకు ముందుచోటును ఏర్పరుపవలెను. మొయినాబాదు, చేవెళ్ళలలో కోత పిమ్మట కాయను దించుకొనుటకు నీడపందిళ్ళు, లోతు తక్కువ పెట్టెలు సబ్సిడీపై అందింపవలెను. ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయమును, టమాట జన్యువనరుల భాండాగారమును నిర్వహించుచున్న గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఒకచోట చేర్చి, చేరువ విపణికై మధ్యరకపు గట్టిదనము, నిండైన రుచి గల రకమును ఈ నేలమీదనే పరీక్షింపవలెను. కొనువారు చేయవలసినదియు ఒకటి కలదు: కాయను నొక్కి చూచుట మాని, రంగును తొడిమను వాసనను చూచి కొనుట. వీనిలో మొదటి రెండింటికి క్రొత్త శాస్త్రము కనుగొనవలసిన అవసరమే లేదు. రానున్న యాసంగి టమాట కోతకు మొయినాబాదులోనే మొదలుపెట్టవచ్చును, పెట్టవలెను.